కనబడకపోతే డబ్బులు వాపసు లేదు

పలాసలో ప్యాసింజరు దిగి,
ఆటోలో గంటసేపు ఎగిరెగిరిపడి,
ఆ తర్వాత ఎర్రమట్టి బాట.
జీడితోట మొదట్లో తాటాకు పాక.
అందులో తామాడ దాలమ్మ,
రశీదు పుస్తకం,
ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటు.

మనిషికి నూటయాభై.
వంద తోటకి, యాభై ఊరికి.
తోటకేమిటన్నాను.
"ఎలుగు తిన్న పనసకాయకి
రైతుకివ్వాలి గదా బావూ.
ఇవ్వకపోతే ఆడు కరెంటు తీగ కడతాడు."

కనబడకపోతే?
"ఇంటికెల్తాం."

నా చొక్కాకి సెంటు వాసనని
బావి దగ్గర తడిగుడ్డతో తుడిపించింది.
తెచ్చిన అరటిపళ్ళు లాక్కుని
పాకలో చూరుకి వేలాడదీసింది.
"సేతిలోది తినడం మప్పితే
రేపు ఇంటి తలుపు తోస్తాది.
అప్పుడు కర్రలు లేస్తాయి.
సచ్చేది నువ్వు కాదు."

ముందు తను, వెనక నేను.
ఎడమ చెవి నుంచి గడ్డం దాకా
నాలుగు గీతలు,
ఎప్పుడో దున్ని వదిలేసిన చాళ్ళు.
అడగలేదు. తనే చెప్పింది.
"పిల్లల తల్లి.
నానేమో వొంగి పిక్కలేరుకుంటన్నాను.
ఒకర్నొకరం సూసుకోలేదు. అంతే."

తుపానుకి పడ్డ కొబ్బరి మొద్దులతో కట్టిన మంచె.
గాలి అటునుంచి మా మీదికి.
రాలి పులిసిన జీడిపళ్ళ వాసన.
చాలాసేపు దోమలే.
తర్వాత, కొలిమి తిత్తి ఊదినట్టు,
పుట్టలోంచి చెదలు పీలుస్తున్న చప్పుడు.

నా చెయ్యి కెమెరా మీదికి పోయింది.
ఆమె చెయ్యి నా చెయ్యి మీదికొచ్చింది.

గుసగుసగా అంది:
"మా ఊరికీ వొచ్చేయి కెమెరాలు.
కిడ్నీలూరని.
మా ఆయన మంచం మీద,
సేతికి గొట్టాలు, పక్కన మిసను.
దుప్పటి కప్పుకోనివ్వలేదు,
కాళ్ళ వాపు అగుపడాలంట.
ఒకడు మొకం మీద లైటెట్టేడు.
ఈయన కళ్ళు మూసుకున్నాడు.
తెరవమన్నారు.
తెరిసేడు."

చప్పుడు ఆగింది.
విన్నదేమో మమ్మల్ని.
లేదా ఆ పుట్టలో చెదలు అయిపోయాయేమో.
ఎండుటాకుల మీద బరువైన అడుగులు,
వాటి వెనక తడబడే తేలికవి.
నేను చూసిందల్లా
చీకట్లో ఇంకాస్త చిక్కటి చీకటి కదలడం.
అబద్ధమెందుకు,
అదీ ఖాయంగా చెప్పలేను.

పాకలో, పుస్తకం తెరిచి
ఏం కనబడిందన్న గడిలో
వంకర అక్షరాలు కూడబలుక్కుంటూ రాసింది:
వాసన. సప్పుడు.
కింద నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను.

అరటిపళ్ళు తిరిగిచ్చింది.
డజనులో ఒకటి తక్కువ.
"నానే తిన్నాను," అంది,
"మీరు మొకం కడుక్కునేటప్పుడు.
పొద్దుట్నించీ ఏటీ తిన్లేదు."