తోడు వేయని పాలు

ఎర్రావును అమ్మేద్దామన్నాను, పాలకేంద్రం వాడికి.
అంతే.
ఆ పూట నుంచి మా అత్త తబర్నో
నాతో మాట మానేసింది.
మా ఆయన ఇద్దరికీ ఎదురుపడకుండా
చీకటితోనే పొలానికి పోయేవాడు.

మాట మానింది గానీ పని చూపడం మానలేదు.
కెరియో లోయ అంచున, కంచె పక్కన
పసుపు పూల కొవ్వొత్తులు నిలబెట్టినట్టు
సెనెత్‌వెత్ పొద, తంగేటికి దూరపు చుట్టం.
జ్వరానికి దాని వేరు, బిగిసిన కడుపుకు దాని ఆకు.
ఎండిన కొమ్మొకటి తుంచి నా ఒళ్లో పడేసింది.

కాల్చాను.
కణికల్ని సొరబుర్ర కడుపులోకి జారవిడిచి
ఈనెల కుంచెతో
లోపలి గోడలు నల్లబడేదాకా నూరాను.
చెయ్యి పట్టని మెడ. మణికట్టు గీరుకుపోయింది.

మొదటి బుర్ర చేదెక్కింది. కుక్కకు పోసింది.
రెండోది, కుక్క కూడా వద్దంది.
మూడోదానికి మూత వదులు.
పాలు విరిగి
నీళ్లొక పక్క, ముక్కలొక పక్క,
అచ్చం మేమిద్దరం ఉన్నట్టే.

అప్పుడంది ఒక్క మాట, నాతో కాదు, బుర్రతో:
"ఎక్కువైన మసి దులపకపోతే
మందు కూడా విషమేనమ్మా."

నాలుగోదాన్ని బోర్లించి వీపు తట్టాను
పాలు తాగిన పసిదాన్ని తట్టినట్టు.
కాచి చల్లార్చిన పాలు, ఎర్రావువే, పోసి
మూత బిగించి చీకటిమూల పెట్టాను.
తోడు వెయ్యలేదు. ఇక్కడెవరూ వెయ్యరు.
పాత పాల జ్ఞాపకం బుర్ర గోడల్లో ఉంటుందట,
చెడగొట్టడానికొచ్చే వాటిని
బొగ్గు గడప దగ్గరే ఆపుతుందట.
ఆ చీకట్లో ఎవరికెవరు తోడో నాకు తెలీదు.

ఇరవై మూడు రోజులు.
వానకు దారి జారి పాలబండి రాలేదు.
కోబిలో వాళ్ల ప్లాస్టిక్ డబ్బాల్లో
సాయంత్రం పాలు పొద్దుటికే కంపు.

మూత తీసింది అత్తే.
వాసన చూసి, ముందు నాకిచ్చింది.
బూడిద రంగు, నీలి చారలు,
నాలుక కొసన పులుపు, ఆ వెనకే పొగ.
పితికిన నాటి తీపి ఒక్క బొట్టు లేదు.
అయినా పాడవలేదు.

"మరి ఆవు?" అంది.
"ఉండనీ" అన్నానో "చూద్దాం" అన్నానో.
నా మొహంలో ఏం కనపడిందో
తబర్నో పగలబడి నవ్వింది.
అద్దం లేదు. నాలుకతో తడుముకుంటే
పంటి సందున కరుక్కుమంది
చిన్న బొగ్గు పలుకు.