బురదకు ఎన్ని రంగులు

యూనివర్సిటీలో, జంతుశాస్త్రం వెనక గదిలో
కిటికీలకు నల్లగుడ్డ కట్టి
నేను కళ్ళకు పరీక్షలు పెడుతుంటాను.

తొట్టెలో మాంటిస్ రొయ్య ఉంది.
యారాడ రాళ్ళ సందుల్లోంచి ఈతగాళ్ళు
ప్లాస్టిక్ సీసాలో పట్టుకొచ్చింది.
దాని కంట్లో పన్నెండు రకాల రంగు కణాలు. మనకు మూడే.
మొదట్లో అసూయపడ్డాను,
ఎన్ని రంగుల్లో మునిగి తేలుతుందో మహారాణి అని.
నాలుగు నెలలు ఆశ చూపి నేర్పాను:
నారింజ దీపాన్ని తాకితే పీత ముక్క,
పసుపుదాన్ని తాకితే పస్తు.
రెండు రంగుల్నీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపాను.
ఒకచోట ఆగిపోయింది.
మా అటెండరు సూరప్పడు నడుస్తూ నడుస్తూ చెప్పేసిన తేడా
పన్నెండు కణాల కంటికి అందలేదు.
"పన్నెండు పళ్ళేలెట్టుకుని
అన్నం తినడం రాదు దీనికి" అన్నాడతను.

వేట నిషేధం రోజుల్లో వచ్చాడు
జాలరిపేట గరికిన ఎర్రయ్య.
పేరులో ఉన్న ఎరుపు కంట్లో లేదు.
పోర్టులో క్రేను ఉద్యోగం
చుక్కల పుస్తకం రెండో పేజీ దగ్గర పోయింది.
"డెబ్బై నాలుగంట మేడం, అందరికీ కనిపిత్తాదంట.
నాకైతే చినుకులు పడ్డ ఇసక కనిపించింది."

నా దగ్గరా అంతే.
మిరపపండునీ ఆకునీ ఒక గాటన కట్టేశాడు.
రాసుకున్నాను: లోపం, పుట్టుకతో,
ఆకుపచ్చ కణం పక్కకు జరిగింది.
రాస్తుంటే నాయనమ్మ గుర్తొచ్చింది.
పసుపుకొమ్మైనా అరిటాకైనా ఆవిడకు పచ్చే.
అయినా పూర్ణా మార్కెట్లో ఏ చీరల కొట్టువాడూ
ఆవిణ్ణి ఒక నూలుపోగు మోసం చెయ్యలేకపోయాడు.

అలవాటు కొద్దీ చివరి పెట్టె తెరిచాను.
పద్నాలుగు పలకలు, అన్నీ ఖాకీ.
నా కంటికి కవాతులో పోలీసులు;
వెనక అంకెలు లేకపోతే నేనే తప్పిపోతాను.
ఎర్రయ్య వంగాడు,
వలలో కన్నం వెతికే చూపుతో.
"ఇది ఏరు. ఇది ఏరు."
వేరు అంటున్నాడు. నాకు మాత్రం ఏరే వినబడింది.
"ఇది గోస్తని కలిసేకాడ తొలివాన నీరు.
ఇది మూడోనాటి నీరు.
ఇదేమో అడుగునుంచి కవళ్ళు లేపిన మడ్డి."

తిరగేశాను. వరస తప్పలేదు.
దీపం మార్చాను. సూరప్పడి చేత కలిపించాను.
మళ్ళీ పద్నాలుగూ.

నా పట్టికలో దీనికి గడి లేదు.
లోపం అన్న మాట కొట్టెయ్యలేదు,
క్రేను మీద ఎర్రదీపం ఎర్రదీపమే కదా.
పక్కన పెన్సిల్‌తో ఇంకో నిలువుగీత గీశాను.
"అయితే ఉజ్జోగం ఇత్తారేటి మేడం?"
తొట్టెలో నీళ్ళు మార్చే వంకతో లేచాను.

నిషేధం ఎత్తేసిన మర్నాడు
తెల్లారగట్ల పడవెక్కించుకున్నాడు.
డాల్ఫిన్ నోస్ వెనకబడింది.
"అదిగో గీత. ఇటు చేప లేదు, అటు ఉంది."
చూశాను.
కళ్ళజోడు తుడుచుకుని చూశాను.
నీళ్ళు.

అతను వల విప్పుతూ నవ్వాడు.
రెండు దీపాల మధ్య నా రొయ్య
అచ్చం ఇలాగే నిలబడి ఉంటుంది.