తరుగు

కసుంగులో పొగాకు ఎస్టేటు గుమాస్తాని నేను.
పదకొండేళ్లు ఆ అప్పుల పుస్తకం నా చేతిరాతే.
ఎర్ర అట్ట, జిడ్డోడే మూలలు,
పేజీకో కుటుంబం.

దక్షిణాన తేయాకు కొండల కింద నేల చాలక
లారీలెక్కి వచ్చేవాళ్లు:
ఓ చాప, ఓ కుండ, కాళ్లు కట్టిన కోడి, పిల్లలు.
మొక్కజొన్న పిండి ఇస్తే రాసేవాణ్ని.
ఎరువిస్తే రాసేవాణ్ని.
జ్వరం బిళ్ల ఇచ్చినా రాసేవాణ్ని.
కింద వేలిముద్ర.
పొగాకు జిగురు పట్టిన వేలికి
సిరా సరిగ్గా అంటేది కాదు.
"గట్టిగా నొక్కవయ్యా" అని కసిరేవాణ్ని.

ఏప్రిల్లో, కాటా దగ్గర,
గోనెకట్ట తొంభై ఆరు తూగితే
తొంభై అని రాయాలి.
పోయిన ఆరుకీ ఓ పేరుంది, తరుగు.
తేమకి రెండు, దుమ్ముకి రెండు,
మిగతా రెండూ దేనికో
దొర చెప్పలేదు, నేనడగలేదు.
నాకు చదువొచ్చు కనక ఆ ఉద్యోగం.
రానివాళ్లున్నారు కనక దానికి జీతం.

బిస్విక్ కూతురు తియామికె
పదకొండు కిలోమీటర్లు నడిచి బడికి పోయేది,
దారిలో పిండివడలు అమ్మి ఫీజు కట్టుకునేది.
ఆ రోజు సెలవేమో, తండ్రి వెనకే నిలబడింది.
"ముల్లు తొంభై ఆరు మీదుంది" అంది.
అరవలేదు. మామూలుగా,
వాన పడుతోందని చెప్పినట్టు.
బిస్విక్ గబుక్కున దాని మోచెయ్యి లాగాడు.
నేను తొంభై అనే రాశాను.
ఇది దాచిపెట్టను.

ఆ రాత్రి నించి
ఆకులు ఆరగట్టే పాకలో దీపం.
తియామికె, బడి మానేసిన ఇద్దరబ్బాయిలు,
సైకిల్ రిపేరు చేసే యన్ఖో.
పలకల్లేవు. ఎరువు సంచి మీది యాభై,
పిండి బస్తా మీది పాతిక,
అవే వాచకాలు.
మా భాషలో ఆరుకి విడిగా పేరు లేదు,
ఐదూ ఒకటీ అంటాం.
చెయ్యి నిండాక పక్క చేతిలోంచి ఇంకో వేలు.
అందుకే ముసలాళ్లు ఇట్టే పట్టేశారు:
కట్టకో చెయ్యి పోతోంది,
ఆపైన ఒక వేలు.

మరుసటేడు కాటా దగ్గర ఎవరూ గొడవ చెయ్యలేదు.
ముల్లు ఆగగానే
ఒక్కొక్కరూ అరచేతిలో బొగ్గుతో అంకె రాసుకుని
చెయ్యి నా కళ్లముందు పెట్టారు.
నలభై మూడు అరచేతులు.
కొందరికి ఆరు తిరగబడి తొమ్మిదైంది.
అయినా నా పెన్ను కదల్లేదు.

అద్భుతాలేం జరగలేదు.
ఆ ఏడు వేలంలో ధర పడిపోయింది.
మిగిలిన తరుగు డబ్బుతో
బిస్విక్ కొడుకు ఫీజు కట్టాడు,
ఒకడు రేకులు కొన్నాడు,
ఒకడు తాగేశాడు. వాడి కష్టం, వాడిష్టం.
రేడియోలో రోజూ మంత్రిగారు
దేశం పేదదని శాతాల్లో చెబుతారు.
పక్కనే కూర్చుని వింటాను.
దేశం ఎప్పుడూ తక్కువ తూగలేదు, అయ్యా,
తక్కువ రాసింది మేం.

ఉద్యోగం పోయిన రోజు
ఎర్ర పుస్తకం చంకలో పెట్టుకొచ్చాను.
దొంగతనమే అనండి.
ఇప్పుడది పాకలో వాచకం.
బిస్విక్ జన్మలో చదివిన మొదటి మాట తన పేరు,
రెండోది దాని కింద "సబ్బు, నాలుగు".
"నాలుగు సబ్బులు నేనెప్పుడు తీసుకున్నానూ?" అన్నాడు
నా వైపు చూడకుండా.

ఫాలెసి అవ్వ నిన్ననే ఆరో ఎక్కం పూర్తి చేసింది.
పళ్లు లేని నోటితో నవ్వి
పలక నా ఒళ్లో పెట్టింది.
"పదకొండేళ్లు, ఏడాదికి మా కట్టలెన్నో నీకే తెలుసు,
కట్టకి ఐదూ ఒకటీ.
మొత్తం ఎంతయ్యా?"

చాక్‌పీసు నా చేతిలోనే ఉంది.
పిల్లలు తొందరపెట్టడం లేదు.