ఊపిరి బిగపట్టండి

ముందు నన్ను తూచారు,
రేకు షెడ్డులో, బియ్యం బస్తాలు తూచే కాటా లాంటి దాని మీద.
అరవై ఒకటి. చెప్పులు విప్పితే అరవైన్నర.
పాఢి మేడమ్ తన బరువు తనే రాసుకుని
మిగిలినదాంట్లో పెట్రోలెంత పట్టాలో లెక్క కట్టింది.
నా ఒళ్ళు ఒక లెక్కలో పనికి రావడం ఇదే మొదలు.

రంగేయిలుండ రన్‌వే మీద మంచు ఇంకా ఆరలేదు.
నడకకొచ్చిన మాస్టార్లిద్దరు జీడితోట వైపు తప్పుకున్నారు.
మేకలు తప్పుకోలేదు.
ఒక కుర్రాడు సైకిలేసుకుని వెళ్ళి తోలొచ్చాడు.

దాని తలుపు మా బీరువా తలుపుకన్నా పలచన.
మేడమ్ రెక్క కిందనుంచి గాజుగొట్టంలోకి పెట్రోలు పట్టి
ఎండకెత్తి చూపించింది: లేత నీలం.
అడుగున నీటిబొట్టుంటే ఎగరకూడదట.
నేనూ అలాగే వెలుతురుకెత్తి చూస్తాను మనుషుల్ని,
బరంపురం పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో, పదకొండేళ్ళుగా.

పద్దెనిమిది నెలల జీతాల్లోంచి గిల్లుకున్న అరగంట ఇది.
ఇంట్లో ఛత్రపురంలో ట్రైనింగన్నాను.
ట్రైనింగన్న మాట నిజమే.

సీటు మీద నాకో దిండు వేశారు.
ఇంజను అందుకోగానే పళ్ళు కూడా వణికాయి.
చక్రం కుడికి తిప్పాను. అది ఎడమకే పోయింది, గడ్డిలోకి.
"హాతొ నుహెఁ, గొడొ!"
చేతులు కాదు, కాళ్ళు.
నేలమీదున్నంతసేపూ కాళ్ళతోనే తిప్పాలి దీన్ని.
స్కూటీ నేర్చిన చేతులు రెండూ
తిట్లు తిన్న పిల్లల్లా ఒళ్ళో కూర్చున్నాయి.

ఇక పరుగు.
తెల్లగీతలు, గీతలు, గీత,
కింద చప్పుడు ఆగింది.
అంతే. ఎగరడమంటే చక్రాల మోత ఆగిపోవడం.
"ఓలమ్మో!" అన్నాను.

అప్పటికి నా బొటనవేలు ఎర్రమీట మీదుందట,
ఆ కేక రేడియోలో పోయిందట.
చెవుల్లో కాసేపు బరబర. తర్వాత,
కింద గదిలో మైకు దగ్గర, మొహం తెలియని మనిషి,
అంతసేపూ ఇంగ్లీషు తప్ప ముట్టనివాడు,
"ఏటయిందమ్మా? ఏ ఊరు మనది?" అన్నాడు.
ఇచ్ఛాపురం చుట్టుపక్కలవాడే. ఆ "ఏటి" ఇంకెక్కడా దొరకదు.
జవాబు చెప్పేలోగా మేడమ్ నా వేలు లాగేసింది.

రెక్క వాలితే సముద్రం గోడలా లేచింది.
గోపాలపూర్ లైటుహౌసు అగ్గిపుల్లంత.
పైనుంచి చూస్తే సరిహద్దులు కనపడవంటారు.
కనపడింది. గిరిసోల గేటు దగ్గర ఆగిన లారీల తోక.
ఇటువైపు ఉప్పుమడులు, పక్కటెముకల్లా తెల్లగా.
నా ఫిల్ముల్లో గాలి ఉన్నచోటల్లా నలుపే.
ఇన్నేళ్ళూ గాలంటే ఏమీ లేకపోవడమే అనుకున్నాను.
ఇక్కడ అది రెక్క కింద అరచెయ్యి పెట్టి మోస్తోంది,
అప్పుడప్పుడు చెయ్యి మార్చుకుంటూ.

"ఇక నువ్వు" అని మేడమ్ తన చేతులు పైకెత్తేసింది.
బిగించి పట్టుకున్నాను, బస్సు కమ్మీలాగ.
ముక్కు లేచింది. పడింది. మళ్ళీ లేచింది.
మెడ వెనక చెమట.
మేడమ్ కిటికీలోంచి చూస్తూనే, నెమ్మదిగా,
"నిశ్వాసొ ఛాడొ" అంది.

అది నా మాట.
రోజుకి ఎనభైసార్లు, తెలుగులో, ఒడియాలో, వచ్చీరాని హిందీలో
నేను చెప్పే మాట. నాకెవరూ చెప్పలేదు.
వదిలాను. ఊపిరితోపాటు వేళ్ళూ వదిలాయి.
విమానం నన్నడక్కుండానే తిన్నగా సర్దుకుంది.
కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడ్డాం.
మేకలు మళ్ళీ వచ్చేశాయి.
కొత్త పుస్తకంలో నా పేరు పక్కన
సున్నా పాయింటు అయిదు అని రాసి సంతకం పెట్టింది.
రేడియో గదికి తాళం వేసుంది. టీకి వెళ్ళాడట.

సోమవారం.
గొళంతర నుంచి వచ్చిన ముసలాయన,
గుండె పలకకి ఆనించి, గెడ్డం పైకెత్తి.
"ఊపిరి బిగపట్టండి" అన్నాను.
మీట నొక్కాను.
బుగ్గలు పూరించుకుని ఆయన అలాగే నిలబడ్డాడు
నా రెండో మాట కోసం.
సీసపు అద్దం వెనక, బల్ల కింద,
నా కాళ్ళు రెండూ దేన్నో వెతుకుతున్నాయి.