లాకు బంగళా సున్నం

గోడని చెవితో చూడాల.
వేలి కణుపుతో తడితే
బతికిన పూత గట్టిగా పలకతాది,
చచ్చిన పూత డొల్లగా మూలగతాది.
అల్లూరికి తూర్పున, ఉప్పుకాలవ లాకు పక్కన
ఆ బంగళాని అట్టా రెండు రోజులు తట్టినా.
మోకాలి పైన బాగానే ఉండాది.
కిందంతా పోయింది.

కాయితంలో రాసిచ్చినారు:
పురాతన కట్టడం, పద్నాలుగు సెంట్లు,
గోడ అంచు నించి చుట్టూ పది అడుగులు.
పదకొండో అడుగు కాడ రొయ్యల గుంట మొదలు.
రాత్రంతా ఏరియేటర్లు నీళ్లని చితగ్గొడతా ఉంటాయి.
దెబ్బలు తిన్న ఉప్పునీళ్లకి నిద్ర యాడిది,
మట్టి కింద పాక్కుంటా వచ్చి
ఇటికనిటికనీ నాకతాయి.
నేను పూసిన పూతకి
మర్నాటికల్లా తెల్ల మీసం మొలస్తాది.

ఇంజినీరు దశరథరామయ్య మంచోడే.
"సిమెంటు కొట్టెయ్ సిలారూ, బిల్లు పాసవుతాది" అన్నాడు.
సిమెంటు కొడితే గోడ నోరు మూసినట్టే సార్,
లోపలి తడి బైటికి రాలేదు, అన్నా.
మరి నేల సంగతి? అన్నా.
నేల వేరే ఫైలు, అన్నాడు.

పడమటి గదిలో, కిటికీ పక్కన
గాలివానలకి నీళ్లెక్కిన గీతలు.
ఎవురో లాకు గుమాస్తా, పెన్సిలుతో.
ఒక గీత కింద చీమల్లాంటి అక్షరాలు:
"బియ్యం పడవ. ఐదుగురు. ఒకడు ఈదుకోని వచ్చినాడు."
దాని మీద కూడా సున్నం వెయ్యమన్నారు.
చుట్టూరా పూసి
అరచెయ్యంత వదిలిపెట్టినా.
అడిగితే, తాపీ జారిందని చెప్తా.

ఈ ఇంటి సున్నం కొండరాయిది కాదు.
గుల్ల సున్నం.
మడుగులో యానాదోళ్లు మునిగి తీసిన గుల్ల,
తాటిమట్టల మంటలో కాలి
గానుగ కింద నలిగి
కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ తాగి
నలభై రోజులు తొట్లో ఓర్చుకున్న సున్నం.
మా తాత నాలిక మీద పెట్టుకోని
అయిందో లేదో చెప్పేవాడంట.
నా నాలిక్కి అంత చదువు లేదు.

మానికల అంకమ్మ కాడికి పోయి గుల్ల కావాలన్నా.
పొగాకు ఉమ్మి నవ్వింది.
"గుల్ల దొరికే మడుగు మీదే గదరా
ఆళ్లు గుంట తవ్వుకున్నది.
తల్లిని పూడ్చిపెట్టి
బిడ్డకి పాలడగను వచ్చినావే!"
అయినా రెండు గోతాలిచ్చింది,
వాళ్లత్త ఎప్పుడో ఏరి
గుడిసె ఎనక దిబ్బ పోసిన గుల్ల.
డబ్బు ముట్టలేదు.
"పాత హద్దురాళ్లు యాడుండాయో నాకు తెలుసు,
వస్తావా?" అంది.

ఒకటి మొగలిపొదలో, పాముల కాపలాలో.
ఒకటి గుంట గట్టు కింద, చేత్తో తవ్వితే తగిలింది.
ఒకటి మోటారు షెడ్డుకి మెట్టయింది,
దాని మీద ఎవురిదో ఎడమకాలి చెప్పు.
నాలుగోది పోలేరమ్మయి
పసుపు పూసుకోని కూచోనుండాది.
ఆమెని కదిలించను ఎవురికీ గుండె చాల్లా.
అందుకే, అన్నిట్లోకీ
ఆమొక్కతే నిటారుగా ఉండాది.
నా తూకపుగుండు వదిలి చూసినా, వెంట్రుకవాసి తేడా లేదు.

గోడకని నానేసిన సున్నం
మూడు బక్కెట్లు
ఆ రాత్రి నేలకి పూసినా.
రాయి నించి రాయికి,
గట్టెక్కి, గట్టు దిగి,
అంకమ్మ లాంతరు పట్టుకోని ముందర నడస్తా,
"అట్టగాదు, కుడిపక్కకి, కుడిపక్కకి" అని అరస్తా.

పొద్దునకి గుంటోళ్లు పైపు పెట్టి కడిగినారు.
సున్నం గదా.
కొంత పోయింది, కొంత ఇంకింది.

కూలిలో మూడు బక్కెట్లు కోస్తా, అన్నాడు దశరథరామయ్య.
కొయ్యండి సార్,
ఏ ఫైల్లో రాసుకుంటారో
అదొక్కటి చెప్పండి, అన్నా.
కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
ఏం చెప్పలా.

తొట్లో నాలుగో బక్కెట్టు నానతా ఉండాది.