ఆకుపచ్చ గడి

చీమకుర్తిలో రోడ్డు మీద దుమ్ము తెల్లగా ఉంటది.
ఆ తెల్లదుమ్ము కింద నుంచి తీసే రాయి మాత్రం
అమావాస్యని కోసి పలకలు చేసినట్టు నలుపు,
అందులో బంగారు పొట్టు చల్లినట్టు చుక్కలు.

కేటలాగుకి నలభై రెండు ఫొటోలు, సాయంత్రానికల్లా.
ఇటలీ పార్టీ అంట.
మేనేజరు మాల్యాద్రి అప్పటికే మూడుసార్లు వాచీ చూపించాడు.

బటన్ సగం నొక్కాను.
లెన్సు లోపల మోటారు
ముందుకి పోయింది, వెనక్కి వచ్చింది,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతికే చేయిలాగ
గొణుక్కుంటూ.
తెర మీద గడి ఎర్రబడింది.
మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎరుపు.

పక్కన మీట చూశాను, ఆటో మీదే ఉంది.
లెన్సు విప్పి, ఆ పసుపుపచ్చ చుక్కల్ని
చొక్కా అంచుతో తుడిచి బిగించాను.
బ్యాటరీ తీసి, పది లెక్కపెట్టి, పెట్టాను.
చేత్తో తిప్పుదామంటే
నలభై ఆరేళ్ళ కళ్ళు, పైన ఎండ.
ఒంగోల్లో ఖాజావలికి ఫోన్ చేస్తే
"గడి చిన్నది చెయ్యన్నా, నడిమధ్యన పెట్టు.
అప్పటికీ పట్టకపోతే దిష్టి తీయించు" అని నవ్వాడు.

చిన్నది చేశాను.
ఆకుపచ్చ!
టక్కున నొక్కి, పెద్దది చేసి చూస్తే
రాయి మసక.
రాయి లోపల నేను,
నుదుటి చెమటతో సహా
మీసంలో నెరిసిన వెంట్రుకతో సహా
స్పష్టంగా.

అప్పుడు తెలిసింది దాని గోడు.
రాయి నాకు రెండు మీటర్లు.
రాయిలో నేను నాలుగు మీటర్లు.
ముఖాలు వెతకమని నేర్పింది మనమే గదా,
వెతికింది పాపం.

ముఖాల వేట ఆపేసి పక్కకి జరిగాను.
జరిగితే రాయి నిండా ఆకాశం, క్రేను కొక్కెం.
నల్లదుప్పటి అడ్డం పట్టిస్తే
దుప్పటీ రాయీ కలిసి ఒకటే చీకటి.
ఆ బంగారు చుక్కలు దానికి ఆనవు.
లెన్సు మళ్ళీ తడుములాట.

పాలిషింగు షెడ్డులోంచి ఒకాయన వచ్చాడు.
మోకాళ్ళ దాకా బూడిదరంగు నీళ్ళు, మూతికి తువ్వాలు.
యలమంద అంట పేరు.
"ఇందాకట్నుంచి జూస్తన్నా. ఏం గావాలంట దానికి?"
"పట్టుకోడానికి కాస్త గరుకు కావాలి పెద్దాయనా.
నువ్వేమో మరీ నున్నగా చేశావు."

ఆయన బొటనవేలు రాతిబురదలో ముంచి
పలక నడుమ అదిమాడు.
"ఇప్పుడు పట్టుకోమను."

గింజ మీద పిచ్చిక వాలినట్టు
వాలింది గడి.
ఆకుపచ్చ.
మోటారు నోరు మూసుకుంది.
ఫోకస్‌కి తాళం వేశాను, ఆయన గుడ్డతో తుడిచాడు,
నొక్కాను.
చుక్క చుక్కా లెక్కపెట్టొచ్చు.

"నీదే నయం సామీ" అన్నాడు
రెండో పలక మీద వేలు పెడతా.
"మా రేషన్ కొట్లో మిషను నా యేలు పట్టదు.
నాలుగుమాట్లు పెట్టిస్తారు, నిమ్మచెక్క రుద్దిస్తారు,
ఎర్రలైటే.
కోడలొచ్చి పెడితేనే బియ్యం."
వేలెత్తి చూపించాడు.
దగ్గరికి పోయి చూశాను.
గీతల్లేవు.
ఇరవై రెండేళ్ళు రాయిని నునుపు చేస్తే
రాయి ఊరకుంటదా.

అదమడం, తుడవడం. అదమడం, తుడవడం.
మధ్యలో దగ్గొస్తే కాసేపు ఆగడం.
పొద్దుగూకే వేళకి నలభై రెండూ అయినయ్.
మాల్యాద్రి కంప్యూటర్లో ఒక్కొక్కటే తిప్పి
"శభాష్, మరకన్నది లేదు" అన్నాడు.

ఒంగోలు బస్సులో
పనికిరానివి చెరిపేస్తూ పోతుంటే
పదిహేడో పలక దగ్గర ఆగాను.
తొందరపడి, ఆయన తుడవకముందే నొక్కింది.
నలుపు నడుమ బూడిద మచ్చ,
అంచులు చాకుతో కోసినంత పదును.
లోపల ఏమీ లేదు.

చెరిపే బటన్ మీద నా బొటనవేలు.
సంతనూతలపాడు వచ్చింది,
ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.
ఇంకా నొక్కలేదు.