పైబోరు

గీత నాది కాదు. బెంగుళూరు నుంచి కాయితం మీద వచ్చింది.
రేకు బళ్ళారి నుంచి లారీలో వచ్చింది.
నేను అతికించినోణ్ణి.
నూట పద్నాలుగు అతుకులు.
ఈ లెక్క శిలాఫలకం మీద లేదు.

ఆ పొద్దు గుడ్డ లాగితే సగమే దిగింది,
పైన ఒక మూలకు తగులుకుంది.
మా షాపు పిల్లోడు ఓబుళేసు నిచ్చెన ఎక్కి విడిపించినాడు.
చప్పట్లు కొట్టల్లా వద్దా తెలీక
ఉరవకొండ అంతా అట్లే నిలబడింది.

ముప్పై అడుగుల ఉక్కు,
నేలలోంచి లేచి, ఒక్కసారి మెలి తిరిగి,
పైన యాడో మొగం తిప్పుకొని ఆగిపోయింది.
రాకెట్టు లేదు. చందమామ లేదు.
కింద నల్లరాతి మీద మాత్రం
'అంతరిక్ష యాత్ర' అని బంగారు రంగు అక్షరాలు.

"తలకాయ ఇంకో లారీలో వస్తాదేమోలే"
అనింది సోడాబండి తిప్పమ్మ.
"పడుగు తెగిన మగ్గం" అన్నాడు చౌడప్ప,
ఆయనకు ఏది చూసినా మగ్గమే.
రిటైరైన లెక్కల సారు ఖర్చెంతో కనుక్కొని
ఆ దుడ్డుకు మూడో వార్డులో ఎన్ని కుళాయిలొస్తాయో
చెప్పు మొనతో దుమ్ములో రాసి చూపించినాడు.
ఒక పిల్ల జారుడుబండ అనుకొని ఎక్కి
మోకాలు గీసుకొని ఏడ్చింది.
"ఇది నువ్వు చేసిందేనా?" అని
మా ఆయమ్మ నా చెవిలో అడిగింది.
"అతుకులే" అన్నా.
నా పనిని నేను దాచిపెట్టుకోవడం అదే మొదలు.

మూడో దినానికి ఎవరో నిమ్మకాయ కట్టినారు.
నాలుగో దినానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ.
ఆ మధ్యలో, విత్తనాల సంచి భుజాన వేసుకొని
నింబగల్లు హంపన్న వచ్చినాడు.
కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని
మొదలు నుంచి కొస దాకా చూసినాడు.
బస్సు ఒకటి వచ్చి పోయింది. ఆయన చూస్తానే ఉన్నాడు.

"పదకొండు బోర్లేసినా నేను.
ఆఖరిది ఏడునూర్ల అడుగులు.
మా ఇంటిదాని కమ్మలు అందులోనే పోయినాయి,
దుమ్ము తప్ప ఏమీ రాలేదు.
వీళ్ళు తెలివైనోళ్ళు,
పైకేసినారు."

ఎవరూ నవ్వలేదు, మొదట.

"పడినాయా?" అని నన్నడిగినాడు.
"ఏంది?"
"నీళ్ళు."
"చంద్రుడి మీద ఉండాయంట, పేపర్లో ఏసినారు"
అన్నాడు ఓబుళేసు.
హంపన్న సంచి కింద పెట్టినాడు.
"ఎన్నడుగుల్లో?"

అప్పుడు నవ్వినారు అందరూ.
తిప్పమ్మ సోడా గోళీ కొట్టడం మర్చిపోయి నవ్వింది.
ఆయన మాత్రం జవాబు కోసం
ఓబుళేసు మొగంలోకే చూస్తా నిలబడినాడు.

మా కొండను చూసి
ఎప్పుడో ఎవరో పడగ అన్నారు.
కొండను అడిగి అనలేదు.
అదే ఊరి పేరై కూర్చుంది.
ఇప్పుడు ఆటోవాళ్ళు
"పైబోరు, పైబోరు, పది రూపాయలు" అని అరుస్తాండారు.
నల్లరాతి దగ్గరికి పోయి
అక్షరాలు చదివేవాళ్ళు తక్కువ.

ఆ సాయంత్రం బస్సెక్కే ముందు
హంపన్న దాని దగ్గరికి పోయి
రాయి తీసుకొని రెండుసార్లు తట్టినాడు,
కేసింగ్ పైపుకు పెట్టినట్లు చెవి పెట్టినాడు.
"ఏమన్నా వినపడిందా?" అని అడిగితే
తల ఊపినాడు.
అవునో కాదో తెలిసేటట్టు ఊపలేదు.

డెబ్బై మూడో అతుకులో
వెంట్రుకంత సందు మిగిలిపోయింది.
కాంట్రాక్టరుకు నేను చెప్పలేదు.
కొండ మీద నుంచి గాలి దిగినప్పుడు
ఆ సందులో దూరి, లోపలంతా తిరిగి,
యాడో శానా దూరంలో
నీళ్ళు పారినట్లు మోగుతాది.

రాడ్డు చేతిలోనే ఉంది.
రెండు నిమిషాల పని.